తాళం తీసినా ఆగని కారు

ఇంజన్లలో మసి తీసే మందులు అమ్మే ఉద్యోగంలోకి ఈ మధ్య చాలామంది కుర్రవాళ్లు చేరుతున్నారు. వాళ్లలో ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చి, "పెద్దాయనా, ఈ పని మన జిల్లాల్లో మొదట్లోనే చేసినారంట గదా, మాకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నాలుగు మాటల్లో అయిపోయేదైతే డబ్బా మీదే అచ్చువేసి ఉంది, చదువుకోండి అన్నాను. డబ్బా మీద అచ్చువేయని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నాను.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, పెరగకుండా ఎవరు అడ్డుపడ్డారు అన్నవి రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. ఒక కారు గురించి, దాని యజమాని గురించి, దాని డ్రైవరు గురించి, నా పైఅధికారి గురించి రాస్తాను. ఈ నలుగురూ నాకు నేర్పినంత ఏ కంపెనీ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు. కారును కూడా మనిషిలా లెక్కేశానని నవ్వుకోకండి. చదివితే మీరే ఒప్పుకుంటారు.

మసి, మందు, పొగ

పెట్రోలు, ఆయిలు మండినప్పుడు కొంత మసి మిగులుతుంది. పొయ్యి మీది గిన్నె అడుగు నల్లబడినట్టే, ఇంజను లోపల పిస్టన్ నెత్తిన, వాల్వుల చుట్టూ, పైన మూతలా ఉండే హెడ్డు లోపల అది పేరుకుంటుంది. బండి పాతబడేకొద్దీ గట్టిపడి బొగ్గవుతుంది. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఇంజను టకటకమంటుంది. ఇంకా ముదిరితే ఆ బొగ్గు నిప్పుకణికలా ఎర్రబడి, ప్లగ్గులో మెరుపుతో పని లేకుండా పెట్రోలును తానే అంటిస్తుంది. తాళం తీసేసినా ఇంజను ఆగదు. డుగుడుగుమంటూ కాసేపు తనంతట తానే ఆడుతుంది. అది జబ్బు. వదిలేస్తే ఏదో ఒక రోజు పిస్టన్ కాలిపోతుంది.

దీనికి సరైన వైద్యం హెడ్డు విప్పి, మసి గీకి, మళ్లీ బిగించడం. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో నేను నేర్చుకొన్నది అదే. కోడుమూరు దగ్గర వాన కోసం ఆకాశం చూసే సేద్యం మాది. అది కూడు పెట్టదని పటాలానికి పోయి, బోల్టులు తిప్పడం నేర్చుకొని వచ్చాను.

కానీ కారున్నవాడికి హెడ్డు విప్పడమంటే గుండె విప్పినంత భయం. ఆ భయం మీద బతికేదే మా కంపెనీ. మద్రాసులో తయారయ్యే మా మందు డబ్బా మీద పరుగెత్తే జింక బొమ్మ ఉండేది. అసలు పేరు ఇంగ్లీషులో నోరు తిరగనంత పొడుగ్గా ఉండటంతో అందరూ జింక మందు అనేవారు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో మందు పోసి, కొన్ని గంటలు నాననిచ్చి, ప్లగ్గులు బిగించి స్టార్టు చేయాలి. సైలెన్సరులోంచి పొగ వస్తుంది. మామూలు పొగ కాదు. వీధి ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు.

ఉన్నమాట చెబుతున్నాను. జిడ్డుగా, మెత్తగా ఉన్న మసి మందుకు కొంత కరిగేది. ఏళ్ల తరబడి కాలి రాయిలా మారిన మసిని అది తడిపేది, అంతే. ఇక ఆ పొగలో సగానికి సగం కాలిన మందే. కానీ పొగ ఎంత నల్లగా వస్తే లోపలి దరిద్రం అంత పోయినట్టు జనం నమ్మేవారు. నేను కాదనేవాణ్ణి కాదు. నన్ను పంపిందే పొగ చూపించడానికి.

ఇంకో చిక్కు కూడా ఉండేది. మందుకు స్పిరిట్టు వాసన. మా జిల్లాల్లో అప్పుడు మద్యనిషేధం. ఒక బస్టాండులో పోలీసాయన నా పెట్టె తెరిపించి, డబ్బా మూత తీసి వాసన చూసి, కాసేపు కళ్లు తెరవలేదు.

"ఇది ఎవరు తాగుతారప్పా?" అన్నాడు.

"ఇది కార్లకు సామీ."

"కార్లు కూడా మొదలుపెట్టినాయా!" అని బాధపడి నన్ను వదిలేశాడు.

వరదయ్యగారు

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఇళ్లు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలి లేస్తే ఫైళ్లు తుంగభద్ర వైపు ఎగిరిపోయేవి. మద్రాసు నుంచి పెద్ద ఉద్యోగులు తమతో పాటు తమ పాత కార్లు కూడా తెచ్చుకొన్నారు. ఆ కార్లకు మా ఎండ, మా దుమ్ము, మా రోడ్లు ఒక్కసారిగా తగిలాయి. మా కంపెనీవాళ్లు మద్రాసులో ఈ సంగతి తెలుసుకొని, వెంటనే వరదయ్యగారిని ఏజెంటుగా కర్నూలుకు పంపారు.

వరదయ్యగారికి కారు తోలడం రాదు. ఇంజను దగ్గరకు కూడా వచ్చేవారు కాదు, చొక్కా పాడవుతుందని. ఒక ఇంటివాళ్ల గొడ్లచావడి ముందుభాగం అద్దెకు తీసుకొని ప్రాంతీయ కార్యాలయం అని బోర్డు కట్టారు. వెనకభాగంలో గొడ్లు అలాగే ఉండేవి. ఎవరైనా పెద్దమనిషి వచ్చినప్పుడు బర్రె అరిస్తే, ఆయన చిరునవ్వు చెదరకుండా "మా వర్క్‌షాపు" అనేవారు.

నన్ను పనిలో పెట్టుకొన్న రోజు ఆయన చెప్పిన మాట ఇది. "తిమ్మప్పా, నీకు ఇంజను తెలుసు. అది మంచిదే, కానీ దాన్ని బయటపెట్టకు. తెలిసినవాడు అనుమానంగా మాట్లాడతాడు. అనుమానంగా మాట్లాడితే డబ్బా అమ్ముడుపోదు. ముందు పొగ చూపించు, తరవాత మాట్లాడు. వీలైతే మాట్లాడకు."

ఇంత నిజాయితీగా మాట్లాడిన అధికారిని నేను తరవాత ఎప్పుడూ చూడలేదు.

రెడ్డిగారి మర్యాద

వేంపల్లెలో ఒకసారి నేను పొగ చూపిస్తుండగా గుంపులోంచి ఓబుళరెడ్డిగారు ముందుకొచ్చారు. పక్క పల్లెలో పెద్ద భూస్వామి. తెల్లటి పంచె, బుర్రమీసాలు, మంచి మాటకారి. దొర ఒకాయన దేశం వదిలిపోతూ అమ్మేసిన పెద్ద నల్ల కారు ఆయనకు ఉంది.

"మా కారుకు కూడా పొయ్యప్పా. ఇప్పటికే దానికి బలం శానా. ఇంగా రెండింతలైతాది" అన్నారు.

ఆయన వెనకే నిలబడ్డ డ్రైవరు ఖాసీం నాకు కళ్లతో ఏదో సైగ చేశాడు. "మన కారుకు యాల సామీ మందు? అది బాగనే ఉండాది కదా" అని రెడ్డిగారికి నచ్చజెప్పబోయాడు. ఈ డ్రైవర్లంతా కొత్తదంటే భయపడతారులే అని నేను పట్టించుకోలేదు.

ఆ ఊరికి వెళ్లాక సంగతి తెలిసింది. రెడ్డిగారి కారుకు నేను చెప్పిన ఆ ముదురు జబ్బు ఉంది. తాళం తీసినా ఆగదు. అయితే అది జబ్బని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఖాసీం తోలినా తాళం తీసేది రెడ్డిగారే; ఆయన కారు దిగి, తాళంచెవి చేతిలో పట్టుకొని నాపరాళ్ల మెట్లన్నీ ఎక్కి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చునేదాకా వెనక కారు డుగుడుగుమంటూ వణుకుతూనే ఉండేది. ఆయన కూర్చున్నాక పెద్దగా ఒక తుమ్ము తుమ్మి ఆగేది. ఊరి జనం రెడ్డిగారి కారు కనపడగానే లేచి నిలబడేవారు. కారు ఆడుతున్నంతసేపూ ఆయన ఇంకా కార్లో ఉన్నట్టే లెక్క కాబట్టి, అది తుమ్మేదాకా ఎవరూ కూర్చునేవారు కాదు. చుట్టుపక్కల కార్లున్న పెద్దమనుషులు ఇంకొందరున్నారు గానీ, వాళ్లకు దక్కే మర్యాద తలుపు చప్పుడుతోనే అయిపోయేది.

ఈ సంగతంతా నేను ఆలస్యంగా తెలుసుకొన్నాను. అప్పటికే మందు పోసేశాను. చేయి ఊరుకోక ప్లగ్గులు కూడా శుభ్రం చేశాను.

నానిన తరవాత స్టార్టు చేస్తే వచ్చినంత పొగ నా ఉద్యోగం మొత్తంలో ఇంకెప్పుడూ రాలేదు. మిద్దె మీది నుంచి రెడ్డిగారి భార్య రామలక్షుమ్మగారి కేక వినపడింది. "ఏందప్పా ఇది! ఒడియాలు ఎండబెట్టినా! అంతా మసే! ఎవరు తింటారు ఇప్పుడు, మీ కారా?"

రెడ్డిగారు ఆమె మాట వినిపించుకోకుండా మురిసిపోతూ కారెక్కి ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఇంజను మెత్తగా, కొత్తదానిలా పలికింది. నాకే ఆశ్చర్యమేసింది, మందు నిజంగా పనిచేసిందని. అరుగుల మీది జనం లేచి నిలబడ్డారు. రెడ్డిగారు తాళం తీశారు.

కారు ఆగిపోయింది.

రెడ్డిగారి కాలు ఒకటి ఇంకా కార్లోనే ఉంది. అరుగుల మీద జనం కూర్చున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, అలవాటు అది. రెడ్డిగారు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి వాళ్లను చూశారు, కారును చూశారు, నన్ను చూశారు. మళ్లీ ఎక్కి స్టార్టు చేసి తాళం తీశారు. మళ్లీ ఆగింది.

"సంపినావు కదప్పా" అన్నారు మెల్లగా. "నా కారును సంపినావు."

ఆ తరవాత ఖాసీం వైపు తిరిగారు. "నువ్వు పక్కనే నిలబడి సూస్తా ఉంటివి. ఎవరో దారినపోయేటోడు మందు పోస్తాంటే సూస్తా ఉంటివి. రేపట్నుంచి రావద్దు ఫో."

ఖాసీం ఇబ్బంది

బస్సు కోసం నిలబడితే ఖాసీం నా వెనకే వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు.

"కొత్తల్లో ఒగ దినం కారు ఆగలేదన్నా" అన్నాడు. "రెడ్డి నన్ను అడిగినాడు, ఏమిరా ఖాసీమా, తాళం నా సేతిలో ఉండాది, ఇది ఇంగా ఆడతాండాదే అని. నాకేం తెలుసు? తెలీదంటే డ్రైవరు పని యాడిది? దొరల ఇంజను సామీ, బలం ఎక్కువ, ఆపినా ఆగదు అంటి. ఆయప్ప అది ఊరంతా సెప్పుకున్యాడు. ఇప్పుడు సూడు. అది జబ్బు అంటే, ఇన్నాళ్లు అబద్ధం సెప్పినావని పంపిస్తాడు. బలం అంటే, బలం పోగొట్టినావని పంపిస్తాడు. ఏది సెప్పినా నేను ఇంటికే."

"ఇల్లు యాడ?" అన్నాను.

"అదీ రెడ్డిదే."

అతను నాకేసి కోపంగా కూడా చూడలేదు. అలా చూసి ఉంటే నేను బస్సెక్కి పోయేవాణ్ణి. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. మర్నాడు రెడ్డిగారి మెట్ల ముందు నిలబడ్డాను.

"మళ్లీ ఎందుకొచ్చినావప్పా?"

"సామీ, నేను తీసింది మసి. మసి మంచిది కాదు."

"మసి ఎవరిది?"

నాకు అర్థం కాలేదు.

"కారు నాది. కార్లో మసి నాది. నా మసిని తీయమని నీకు ఎవరు సెప్పినారు? బలం పెంచమంటి గానీ తీయమంటినా? తీసింది తిరిగి పెట్టు."

ఈ మాట మీద నేను చాలా ఏళ్లు ఆలోచించాను.

లోపలి నుంచి రామలక్షుమ్మగారు, "పెట్టేదేదో ఒడియాలు లోపలికి తీసినంక పెట్టమనండి" అన్నారు.

అప్పుడు నేను చెప్పాను. "సామీ, ఇంజను కొత్త మందుకు నీరసపడింది. రెండో విడత మందుంది. కొన్ని వారాలు పడుతుంది. కానీ కారు అలవాటు తెలిసినవాడే తోలాలి. వేరే చెయ్యి పడితే నేను మాటివ్వలేను."

రెడ్డిగారు కాసేపు మీసం సవరించుకొని, "ఒరే, ఖాసీమును పిల్చకరాపోండి" అని కేకేశారు.

మసి పెట్టడం

మసి తీసే కంపెనీలో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది మసి పెట్టడం. మిలిటరీలో నేర్చుకొన్నదంతా తిరగేసి చేయాల్సి వచ్చింది. పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా పోయేలా కార్బురేటరు తిప్పాను. ఊరికే నిలబడ్డప్పుడు ఇంజను వేగంగా ఆడేలా మర కొంచెం బిగించాను. పెట్రోల్లో గరిటెడు వాడేసిన ఆయిలు, కొంచెం కిరసనాయిలు కలపమని ఖాసీంకు చెప్పాను. వేగంగా తోలవద్దు, దూరం పోవద్దు, గాలిని అడ్డే చోక్ లాగి ఇంటి ముందే ఆడించు అన్నాను. ఈ కుర్రవాళ్లు ఎవరైనా ఇంజను ఎలా పాడుచేయకూడదో తెలుసుకోవాలంటే పై నాలుగు వాక్యాలు చదివి, వాటికి విరుద్ధంగా చేస్తే చాలు.

మళ్లీ ఆ వైపు వెళ్లేసరికి ఖాసీం ఊరిబయటే ఎదురొచ్చాడు. పెళ్లికొడుకులా ఉన్నాడు.

"ఆగలేదన్నా! నిన్న ఆగలేదు! రెడ్డి మంచం మీద కూసున్నా గూడా ఆడతా ఉండాది!"

నేను సంతోషించాలో ఏడవాలో తెలియక అతని భుజం తట్టాను.

వరదయ్యగారు సరిగ్గా అప్పుడే కడప జిల్లా పర్యటన పెట్టుకొన్నారు. పెద్దమనుషుల చేత మందు బాగుందని చెప్పించుకొని కరపత్రాలు వేయడం ఆయనకు ఇష్టం. రెడ్డిగారు ఆయనకు మజ్జిగ ఇప్పించి, మందు గురించి గొప్పగా చెప్పారు. "మొదటి డబ్బాకు పాతబలం పోయిందండీ. రెండో డబ్బాకు కొత్తబలం వచ్చె. ఇప్పుడు తాళం తీసినా ఆగదు!"

కర్నూలు తిరిగి వెళ్లిన కొద్దిరోజుల్లో కరపత్రాలు వచ్చాయి. పైన జింక, కింద పెద్ద అక్షరాల్లో "జింక మందు వాడండి. తాళం తీసినా మీ కారు ఆగదు."

నేను గొడ్లచావడికి పరుగెత్తాను. "అయ్యా, ఇది జబ్బండీ. మన మందు పోగొట్టాల్సిన జబ్బు ఇదే."

వరదయ్యగారు కళ్లద్దాలు తుడుచుకొన్నారు. "జబ్బని నువ్వంటున్నావు. బలమని వాడినాయన అంటున్నాడు. కరపత్రంలో ఎవరి మాట వేయాలి తిమ్మప్పా? నువ్వు కొన్నావా డబ్బా?"

ఆ తరవాత నా ఉద్యోగం ఎలా ఉండేదో ఊహించుకోండి. పెట్టెలో మసి తీసే మందు, జేబులో మసి ఉంటేనే జరిగేదాన్ని పొగిడే కరపత్రం. ఏ ఊళ్లో దిగినా "ఆగని మందు ఉండాదా అప్పా?" అనే అడిగేవారు. బాగా ముదిరిన ఇంజన్లలో మందు ఏమీ చేయలేక చేతులెత్తేసేది, కారు ఎప్పటిలా తాళం తీశాక కూడా కాసేపు ఆడేది, యజమాని నాకు భోజనం పెట్టేవాడు. మసి మెత్తగా ఉన్న ఇంజన్లలో మందు శుభ్రంగా పనిచేసేది, తాళం తీయగానే కారు ఆగేది, యజమాని నన్ను తిట్టేవాడు. మందు పనిచేయని చోటల్లా మాకు మంచి పేరు, పనిచేసిన చోటల్లా తగాదా. ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి, "ఆ రెడ్డికి అసలుది పోసి నాకు నకిలీది పోసినావు" అని నా పెట్టె ఇవ్వకుండా సాయంత్రందాకా కూర్చోబెట్టాడు. ఆయన కారు అప్పుడు పాలపొంగులా చప్పుడు లేకుండా నడుస్తోంది. అది చెబితే ఇంకా కోపమొచ్చింది. చప్పుడే లేని కారులో వస్తే నేనొచ్చినానని ఎవరికి తెలుస్తాదప్పా అన్నాడు.

కడప ప్రయాణం

ఎన్నికలొచ్చాయి. రెడ్డిగారికి నిలబడాలన్న కోరిక పుట్టింది. టికెట్టు ఇప్పించగల పెద్దాయన కడపలో ఉంటాడు. ఆయన గుమ్మం ముందు కారు దిగి, వెనక అది ఆడుతూ ఉండగా లోపలికి నడవాలని రెడ్డిగారి ఆలోచన. ఆ ప్రయాణంలో నేను లేను. తరవాత ఖాసీం చెప్పిందే రాస్తున్నాను.

అనుకున్నట్టే జరిగింది. రెడ్డిగారు తాళంచెవి తిప్పుకుంటూ మెట్లెక్కారు. వెనక కారు మోగుతోంది. లోపలి నుంచి ఖద్దరు చొక్కా వేసుకొన్న సన్నటి ముసలాయన విసుగ్గా బయటికొచ్చాడు.

"ఎవరప్పా అది? లోపల నలుగురు మాట్లాడుకుంటాంటే ఆ మోత ఏంది? ఆపమను."

"ఆపిందేనండీ. ఇదిగో తాళం. మన కారు ఆపినా ఆగదు."

ముసలాయన తాళంచెవిని చూశాడు, కారును చూశాడు. "ఆపినా ఆగనోళ్లు పార్టీలో ఇప్పటికే శానామంది ఉండారు లేప్పా" అని లోపలికి పోయాడు.

టికెట్టు వేరొకరికి పోయింది.

తిరుగుప్రయాణంలో రెడ్డిగారు తాళంచెవి ఖాసీం ఒళ్లోకి విసిరేశారట. వేగంగా పోనియ్యమన్నారు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను టకటకమంది, ఖాసీం నెమ్మది చేయబోతే "పోనీ రా" అన్నారు. ఇంకొంచెం దూరం పోయాక ఢామ్మని ఒక చప్పుడు. బానెట్టు కింద నుంచి నీలం పొగ. పిస్టన్‌కు బొక్క పడింది. ఆ పొగ మాత్రం అసలైన పొగ, అందులో మా మందు లేదు.

పక్క చేనిలో దున్నుతున్న రైతును అడిగి ఎద్దులు కట్టించారు. రెడ్డిగారు కార్లో కూర్చోలేదు. పంచె ఎగ్గట్టి ఖాసీంతో పాటు నడిచారు. కొంత దూరం పోయాక అడిగారు.

"ఖాసీమా, నిజం సెప్పు. అది బలమా, జబ్బా?"

"జబ్బే సామీ."

"నీకు తెలుసునా?"

"మొదట్లో తెలీదు సామీ. తెలిసేసరికి మీకు దాని మీద ప్రేమ పుట్టె."

ఊరి పొలిమేర దగ్గర రెడ్డిగారు ఎగ్గట్టిన పంచె కిందికి దించుకొన్నారు. ఆఖరికి అన్నారట. "ఊర్లో ఎవురికీ సెప్పొద్దు."

ఆయన ఖాసీంను పనిలోంచి తీయలేదు. తీయడనే ధైర్యం వచ్చిన తరవాత ఖాసీంకే ఉండబుద్ధి కాలేదు. ఎర్రగుంట్లలో నాపరాళ్లు మోసే లారీ మీద పని దొరికితే, పెళ్లాం బిడ్డలతో అక్కడికి వెళ్లిపోయాడు.

"ఎందుకు పోతివి? రెడ్డి ఇప్పుడు నిన్ను ఏమీ అనడు కదా" అని తరవాత నేను అడిగాను.

"అందుకేన్నా" అన్నాడు. "అరుస్తాంటే బాగుండేది. ఇప్పుడు కారు దిగినప్పుడల్లా నా మొగం సూస్తాడు, నేను ఎవరికన్నా సెప్పినానేమో అని. ఎంతని సూపించుకునేది?"

ఎర్రగుంట్ల

రాజధాని హైదరాబాదుకు మారింది. కర్నూలులో గుడారాలు పీకేశారు. వరదయ్యగారు కూడా బోర్డు విప్పి, గడ్డి తడిక సందులోంచి తొంగిచూస్తున్న బర్రెకు నమస్కారం పెట్టినంత పనిచేశారు.

"నువ్వూ రా తిమ్మప్పా. అక్కడ నవాబుల కార్లున్నాయి. అన్నీ ముసలివి. ఒక్కటీ ఆపితే ఆగదట. మనకు చేతినిండా పని."

"అవి ఆగేలా చేయడానికా, ఆగకుండా చేయడానికా అండీ?"

"వెళ్లాక వాళ్లనే అడుగుదాం" అన్నారు ఆయన, ఎప్పటి నిజాయితీతోనే.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. వినేవాడికి ఏది ఇష్టమో అదే అమ్మాడు. ఆయన లాంటివాళ్లు మీకూ పైఅధికారులుగా వస్తారు. మంచివాళ్లు, జీతం వేళకు ఇప్పిస్తారు. ఇంజను గురించి మాత్రం వాళ్లను అడగకండి.

నేను హైదరాబాదు బస్సెక్కకుండా ఎర్రగుంట్లకు వెళ్లాను. ఖాసీం లారీ, మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాతబండి, గనుల పక్కన రేకులషెడ్డు కింద నిలబడి ఉంది. ఎత్తులో టకటకమంటోందని చెప్పాడు. నేను పెట్టె తెరవబోయాను.

"మందు వద్దన్నా. హెడ్డు ఇప్పు."

"ఈ రోజంతా పడతాదిరా."

"పడనీ. లారీ ఓనరు వచ్చి ఎందుకు ఇప్పినావంటే, మసి తీసేకి ఇప్పినా అని సెప్తా. ఏమనుకుంటే అది అనుకోనీ."

బోల్టులు తుప్పు పట్టి ఒకపట్టాన కదల్లేదు. హెడ్డు లేవనెత్తి చూస్తే పిస్టన్ల నెత్తిన మసి మందంగా అట్టగట్టి ఉంది. అరిగిన ఇత్తడి రేకు ముక్కతో నేను, కర్రపుల్లతో ఖాసీం, పక్కపక్కన కూర్చుని గీకాం. పొగ లేదు, చూడటానికి జనం లేరు. రాళ్లు కొట్టే కూలీలు ఒకసారి తొంగిచూసి, ఇందులో చూసేదేమీ లేదని వెళ్లిపోయారు. వాల్వులు అరగదీసి, మళ్లీ బిగించి స్టార్టు చేసేసరికి పొద్దు వాలింది. రాళ్లు నింపుకొని లారీ రైలుస్టేషను దగ్గరి ఎత్తు ఎక్కింది. టక్కుమనలేదు. ఖాసీం పాట మొదలుపెట్టాడు. గొంతు బాగాలేదు గానీ నేను ఆపమనలేదు.

మేం తిరిగి వచ్చేసరికి అతని భార్య హుసేనమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర పెట్టుకొని కూర్చుంది. నా చేతులు చూసి, "అయ్యో, అన్నా, ఇంత మసి ఎట్ల అంటించుకుంటివి!" అని బూడిద, చింతపండు ఇచ్చింది. రుద్దాను. కడిగాను. మళ్లీ రుద్దాను. ఇన్నేళ్లు మసి తీసే కంపెనీలో పనిచేసినా నా చేతులకు ఇంత మసి అంటలేదు.

"పోదులేమ్మా, రొట్టె పెట్టు" అన్నాను.